ఫ్రాంక్లిన్ ఏ మొహల్లా పిల్లాడు?

నా అల్మారీలో అన్నిటికంటే చిన్న కితాబు, బహుశా అన్నిటికంటే ఎక్కువ చేతులు మారిన కితాబు ఒకటుంది. చార్ల్స్ షుల్జ్ గీసిన ‘పీనట్స్’ కార్టూన్ల పేపర్‌బ్యాక్. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో, ఎంట్రెన్స్ గైడ్ల కింద నలిగి ఉంటే తెచ్చుకున్నాను. కాగితం హల్దీ రంగుకు తిరిగింది. అంటించిన గోందు ఎండిపోయి, పేజీ తిప్పితే చాలు ఊడి చేతికొస్తుంది. కవరు మీద ధర సెంట్లలో ఉంది. లోపల ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో కుక్కకు మీసాలు పెట్టాడు.

స్నూపీ అంటే మన పిల్లలకు టిఫిన్ డబ్బా మీద బొమ్మ, టీషర్ట్ మీద బొమ్మ. అది ఒక అఖ్‌బార్‌లో పుట్టిన కుక్క అని చాలామందికి తెలియదు. 1950 అక్టోబర్ 2న అమెరికాలో 7 పత్రికల్లో ఈ కామిక్ మొదలైంది. 2000 ఫిబ్రవరి 13, ఆదివారం నాడు ఆఖరి బొమ్మ అచ్చయింది. దానికి ముందు రాత్రి, ఫిబ్రవరి 12న షుల్జ్ ఇంతెఖాల్ అయ్యాడు. ఆ 50 ఏళ్లలో 17,897 స్ట్రిప్పులు. కథ, గీత, మాటలు అన్నీ తన చేత్తోనే. సహాయకుణ్ని పెట్టుకోలేదు. మా పత్రికల్లో రోజూ పది వాక్యాల కాలమ్ రాయడానికి ఏడిచేవాళ్లను చూశాను కాబట్టి ఈ లెక్క ముందు నేను టోపీ తీసేస్తాను.

అందులో పెద్దవాళ్లు కనిపించరు. అంతా పిల్లలే. గుండ్రని తల చార్లీ బ్రౌన్, అతని కుక్క స్నూపీ, నోరున్న లూసీ, ఆమె తమ్ముడు లైనస్, పియానో ముందు నుంచి లేవని ష్రోడర్. చార్లీ బ్రౌన్ బేస్‌బాల్ టీముకు కెప్టెన్. టీము ఓడిపోతూనే ఉంటుంది. పతంగి ఎగరేస్తే చెట్టు తినేస్తుంది. ప్రతి ఏడాదీ లూసీ బంతి పట్టుకుని కూర్చుంటుంది, తన్నడానికి పరిగెత్తుకొస్తాడు, ఆఖరి క్షణంలో ఆమె లాగేస్తుంది, ఇతను వెల్లకిలా పడతాడు. వచ్చే ఏడాది మళ్లీ నమ్ముతాడు. అంతే కథ.

మొదట్లో ఈ బొమ్మలు అడ్డంగా, నాలుగు సమానమైన గడుల్లో వచ్చేవి. అలా ఎందుకంటే సిండికేట్ వాళ్లు దీన్ని జాగా ఆదా చేసే సరుకుగా అమ్మారు. పత్రికలో ఎక్కడ సందు దొరికితే అక్కడ, అడ్డంగానో నిలువుగానో రెండు మీద రెండుగానో ఇరికించొచ్చు. ‘పీనట్స్’ అనే పేరు కూడా సిండికేట్ పెట్టిందే. షుల్జ్‌కి ఆ పేరు చివరిదాకా నచ్చలేదు. అంతకుముందు తన ఊరి పత్రికలో గీసినప్పుడు పెట్టుకున్న పేరు ‘లిల్ ఫోక్స్’. 1952 నుంచి పుస్తకాలుగా రావడం మొదలైంది. ముందు పెద్ద సైజు కితాబులు, తర్వాత ఫాసెట్ క్రెస్ట్ వాళ్లు ఒక్కో పెద్ద పుస్తకాన్ని రెండు ముక్కలు చేసి జేబులో పట్టే పేపర్‌బ్యాకులుగా వేశారు. ఇంగ్లండ్‌లో ఇలాంటివే కారొనెట్ పేరుతో వచ్చాయి. నా దగ్గరున్నది ఆ జేబు కితాబుల రకం. ఏరిన స్ట్రిప్పులే ఉంటాయి, తారీఖులుండవు. మొత్తం స్ట్రిప్పులు వరసగా కావాలంటే 2004 నుంచి ఫాంటాగ్రాఫిక్స్ వేసిన గట్టి అట్టల సెట్టు ఉంది. వాటి ధర చూసి నేను నా చిరిగిన దానికి ఇంకొంచెం గోందు రాసుకున్నాను.

పాత పేపర్‌బ్యాకులంటే జనానికి ఒక రకమైన మోజు. ‘ఆహా, ఆ జమానా’ అంటారు. షుల్జ్ జమానా ఆయనకేమీ తీపిగా లేదు. తండ్రి మంగలి. 1943లో షుల్జ్‌ని ఫౌజులోకి పిలిచిన రోజుల్లోనే తల్లి కాన్సర్‌తో పోయింది. యుద్ధానికెళ్లి తిరిగొచ్చిన మనిషి పిల్లల బొమ్మలు గీశాడు, ఆ పిల్లల్లో తన తన్హాయీ అంతా పోశాడు. చార్లీ బ్రౌన్ తండ్రి కూడా మంగలే. నవ్వించే బొమ్మలో ఇంత ఉదాసీ దాచొచ్చని నాకు ఉర్దూ మిజాహ్ చదివినప్పుడే తెలుసు. ముజ్తబా హుస్సేన్ సాబ్ ‘సియాసత్’లో రాసిన వాటికి మా అబ్బా పడీ పడీ నవ్వి, అద్దాలు తుడుచుకుంటూ కాసేపు ఖామోష్‌గా కూర్చునేవారు. ఆ ఖామోషీ ఉన్న చోటే అసలు హాస్యం ఉంటుందని నా అభిప్రాయం.

సరే, ఇప్పుడు అసలు మాట. మా ఆపా కూతురు, నా భాంజీ, ఆరో తరగతి. సెలవుల్లో వచ్చి ఈ కితాబు మొత్తం ఒక్క మధ్యాహ్నంలో చదివేసి, ‘మామూ, వీళ్ల గల్లీలో అందరూ వీళ్లే ఉంటారా? వేరేవాళ్లు ఉండరా?’ అని అడిగింది.

నా కితాబులో ఉండరు. అది 60ల మొదటి సగం నాటి స్ట్రిప్పుల సంకలనం. అప్పటికి ఆ మొహల్లాలో నల్లజాతి పిల్లాడు ఒక్కడూ లేడు. కామిక్ మొదలై పద్నాలుగు, పదిహేనేళ్లయినా లేడు. అది షుల్జ్ ఒక్కడి గుణం అనుకోవద్దు. ఆ పచ్చిక లాన్లు, ఒకేలాంటి ఇళ్లు, ఫుట్‌పాత్ అంచున కూర్చున్న పిల్లలు, ఇదంతా యుద్ధం తర్వాత అమెరికాలో పుట్టిన శివారు కాలనీల తస్వీర్. ఆ కాలనీల్లో చాలావాటికి నల్లవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. లెవిట్‌టౌన్ అని పేరు మోసిన కాలనీ ఉంది, అక్కడ లీజు కాగితంలోనే తెల్లవాళ్లు కానివాళ్లు కాపురం ఉండకూడదని రాశారు. బడుల్లో జాతి వేరుచేయడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. మాంట్‌గొమరీ బస్సుల బాయ్‌కాట్ 1955లో. అంటే చార్లీ బ్రౌన్ గాలిపటం చెట్టుకు చిక్కుకున్న రోజుల్లోనే, అదే అఖ్‌బార్ మొదటి పేజీలో ఇదంతా నడుస్తోంది. మధ్య పేజీలో మాత్రం గోడ లేని గోడ.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. 11 రోజుల తర్వాత, ఏప్రిల్ 15న, లాస్ ఏంజిలిస్‌లో హారియెట్ గ్లిక్‌మన్ అనే మహిళ షుల్జ్‌కి ఒక ఖత్ రాసింది. టీచరుగా పనిచేసిన మనిషి, ముగ్గురు పిల్లల తల్లి, తెల్లజాతి. జలూస్ తీయలేదు, కేసు వేయలేదు. టైప్‌రైటర్ ముందు కూర్చుని, మీ కామిక్‌ని ఇన్ని లక్షల మంది చూస్తారు కదా, అందులో నల్ల పిల్లల్ని కూడా చేర్చకూడదా అని అదబ్‌గా అడిగింది. ఇలాంటి ఖతులు ఇంకొందరు కార్టూనిస్టులకూ రాసింది.

షుల్జ్ ఏప్రిల్ 26న జవాబిచ్చాడు. ఆ జవాబు చాలా నిజాయితీ గలది, చాలా పిరికిది కూడా. చేయాలనే ఉంది, కానీ మేం పైనుంచి దయ చూపిస్తున్నట్టు, ఎహసాన్ చేస్తున్నట్టు ఉంటుందేమోనని భయం, దీనికి దారేమిటో నాకు తెలియదు అన్నాడు.

ఈ భయం నాకు బాగా పరిచయం. పదేళ్ల కిందట నేను పనిచేసిన ఒక పత్రికలో (పేరు అనవసరం) పిల్లల పేజీకి కొత్త బొమ్మల కథ మొదలుపెట్టారు. ఐదుగురు స్నేహితులు, ఒక కుక్క, ఒక రహస్యం, మామూలు సరుకే. ఐదుగురిలో ఒకరికి ముస్లిం పేరు పెట్టండి అన్నాను. ఆ పేజీ చూసే పెద్దమనిషి చెడ్డవాడేమీ కాదు. రంజాన్‌కి మా ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగిపోయిన మనిషే. ‘వద్దు భాయ్, ఎందుకొచ్చిన గొడవ. టోపీ పెడితే మీవాళ్లకు కోపం, పెట్టకపోతే ముస్లిం అని తెలియదు. తప్పు గీస్తే ఫోన్లు నీకే వస్తాయ్’ అన్నాడు. పిల్లాడికి టోపీ లేకపోతే ముస్లిం అని తెలియదట! రోజూ నా బోడి నెత్తిని చూస్తూనే ఉన్నాడు. ఐదుగురూ ఒకే రకం పేర్లతో అచ్చయ్యారు. ఆ కథ రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లూ తెలుగు నేర్చుకోమని మా మొహల్లా పిల్లలకు ఆ పేజీ కత్తిరించి ఇస్తూనే ఉన్నాను, ఎందుకంటే అంతకంటే సులువైన తెలుగు నాకు దొరకలేదు.

‘అనుకోకుండా మిమ్మల్ని నొప్పిస్తామేమో’ అనే మాటకు ఒక లక్షణం ఉంది. అన్నవాడికి అది మర్యాదగా వినిపిస్తుంది. విన్నవాడికి తలుపు మూసినట్టు వినిపిస్తుంది. నొప్పిస్తామేమో అనిపిస్తే మమ్మల్నే అడగొచ్చు కదా? గ్లిక్‌మన్ సరిగ్గా ఆ పనే చేసింది. మీ ఖత్‌ని నా నల్లజాతి దోస్తులకు చూపించనా, వాళ్లేమంటారో అడగనా అని షుల్జ్‌ని ఇజాజత్ అడిగింది. ఆయన సరే అన్నాడు. వాళ్లలో కెన్నెత్ కెల్లీ అనే ఇద్దరు పిల్లల తండ్రి జూన్‌లో షుల్జ్‌కి రాశాడు. దయ చూపిస్తున్నట్టు ఉంటుందన్న నింద వచ్చినా ఫరవాలేదు, దక్కే ఫలితం ముందు అది చిన్న మూల్యం అన్నాడు. దానికంటే నాకు నచ్చింది ఆయన ఇంకో సలహా: పెద్ద వేషం వద్దు, ముందు గుంపులో ఒకడిగా గీయండి, అక్కడ ఉండటమే మామూలు విషయం అన్నట్టు.

మామూలు. ఈ ఒక్క లఫ్జ్ కోసం మనం ఎన్ని తరాలుగా ఎదురుచూస్తున్నాం!

జూలై 1న షుల్జ్ మళ్లీ రాశాడు, జూలై 29 వారం బొమ్మలు చూడండి, మీకు నచ్చుతుంది అని. జూలై 31న ఫ్రాంక్లిన్ వచ్చాడు. సముద్రం ఒడ్డు. చార్లీ బ్రౌన్ బంతిని అతని చెల్లెలు శాలీ నీళ్లలోకి విసిరేసింది. ఒక నల్ల పిల్లాడు ఆ బంతి పట్టుకొచ్చి, ఇది నీదేనా అని అడుగుతాడు. ఇద్దరూ కలిసి ఇసుక కోట కడతారు. మీ నాన్న ఏడీ అంటే, వియత్నాంలో ఉన్నాడంటాడు ఫ్రాంక్లిన్. మా నాన్న మంగలి, ఆయనా ఒక యుద్ధానికెళ్లాడు, ఏ యుద్ధమో నాకు తెలియదు అంటాడు చార్లీ బ్రౌన్. చూడండి, జాతి అనే మాటే లేదు. కానీ 1968లో వియత్నాం అనే ఒక్క మాటతో ఆ పిల్లాడి ఇంట్లో రాత్రిళ్లు ఎలా గడుస్తాయో పాఠకుడికి చేరిపోతుంది. అమెరికాలో చాలాచోట్ల నల్లవాళ్లను బీచిల నుంచి, స్విమ్మింగ్ పూళ్ల నుంచి బయటే ఉంచిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, ఇద్దరు పిల్లల్ని ఒకే ఇసుకలో కూర్చోబెట్టాడు. దానికి హిమ్మత్ కావాలి.

ఊరుకుంటారా? దక్షిణాది ఎడిటర్ ఒకాయన రాశాడట, నల్ల పిల్లాడు ఉంటే అభ్యంతరం లేదు గానీ దయచేసి అందర్నీ బడిలో కలిపి చూపించకండి అని. ఆ ఖత్‌కి జవాబే ఇవ్వలేదని షుల్జ్ తర్వాత చెప్పాడు. సిండికేట్ ప్రెసిడెంట్ లారీ రట్మన్ కూడా నసిగితే, నేను గీసినట్టు వేస్తారా, లేక నన్ను మానేయమంటారా అని తేల్చేశాడు. ఏప్రిల్‌లో దారి తెలియదన్న మనిషి కొన్ని నెలల్లో ఇక్కడికి చేరాడు. మధ్యలో జరిగిందల్లా నాలుగైదు ఖతులు.

ఇక్కడిదాకా ఈ కథ చెప్పి తాళియాఁ కొట్టేవాళ్లు చాలామంది. నాకు మాత్రం ఫ్రాంక్లిన్ మీద ఒక షికాయత్ ఉంది. ఆ పిల్లాడు మరీ మంచివాడు.

చార్లీ బ్రౌన్ ఓడిపోతాడు, కుంగిపోతాడు. లూసీ జులుం చేస్తుంది. లైనస్ దుప్పటి లేనిదే ఉండలేడు. పెపర్‌మింట్ పాటీ క్లాసులో నిద్రపోతుంది, అన్నిట్లో డీ మైనస్. ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి ఉంది, అందుకే మనకు గుర్తున్నారు. ఫ్రాంక్లిన్‌కి ఏ పిచ్చీ లేదు. బాగా చదువుతాడు, పద్ధతిగా మాట్లాడతాడు, తాతయ్య చెప్పిన మాటలు చెబుతాడు. ఒక నల్ల పిల్లాణ్ని మొండివాడిగానో బద్ధకస్తుడిగానో గీస్తే లోకం ఏమంటుందో షుల్జ్‌కి తెలుసు. అందుకే ఐబ్ ఏదీ అంటకుండా గీశాడు. ఐబ్ లేని పిల్లాడు బొమ్మల కథలో నిలబడడు. పక్కన నిలబడతాడు.

మనకిది తెలిసిన సంగతే. తెలుగు కథల్లో, సినిమాల్లో మన రహీం చాచా ఉంటాడు చూడండి. తెల్లగడ్డం, వణికే చేతులు, ప్రతి మాటకూ ‘అల్లా సబ్ ఠీక్ కరేగా బేటా’. హీరోని కాపాడి రెండో సగంలో చచ్చిపోతాడు. లేదంటే ఇంకో చివర, కళ్లకు సుర్మా పెట్టుకుని బాంబు చుట్టేవాడు. ఈ ఇద్దరి మధ్య పడిన పెద్ద ఖాళీలో మనమంతా ఉన్నాం. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయి భార్యతో తిట్లు తినే కరీం, లెక్కల్లో పదమూడు మార్కులు తెచ్చుకుని ప్రోగ్రెస్ కార్డు పరుపు కింద దాచే సమీనా. వీళ్ల మీద ఒక్క బొమ్మ కూడా లేదు. మంచివాడని రుజువు చేసుకున్నాకే కథలోకి రానిస్తామంటే అది ఎలాంటి బరాబరీ? బరాబరీ అంటే నా లెక్కలో చార్లీ బ్రౌన్ లాగా పదే పదే ఓడిపోయే హక్కు. నువ్వు ఓడిపోతే నీ కౌమ్ మొత్తం ఓడిపోయినట్టు ఎవరూ రాసుకోకపోవడం.

1973లో టీవీ కోసం తీసిన థాంక్స్‌గివింగ్ స్పెషల్‌లో ఒక దస్తర్‌ఖాన్ ఉంది. పొడవాటి బల్ల, చుట్టూ పిల్లలు. బల్లకు ఒక పక్కన ఫ్రాంక్లిన్ ఒక్కడే, మడత కుర్చీలో. ఎదురుగా మిగిలినవాళ్లు వరసగా. ఎవరో కుట్రతో చేశారని నేను అనుకోను. ఎవరి కంటికీ ఆనకపోవడమే అందులో బాధ. దాని గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. చివరికి 2024లో ఫ్రాంక్లిన్ మీద ప్రత్యేకంగా ఒక స్పెషల్ తీసి, అందులో మిగతా పిల్లలు అతన్ని తమ వైపు వచ్చి కూర్చోమన్నట్టు చూపించారు. దాన్ని రాసినవాళ్లలో రాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే నల్లజాతి కార్టూనిస్టు ఉన్నాడు. ఫ్రాంక్లిన్ ఇంటిపేరు ఆర్మ్‌స్ట్రాంగ్ అయ్యింది ఈయన వల్లే, షుల్జ్ బతికుండగా ఆయన్ని అడిగి పెట్టుకున్నాడు. కుర్చీ బల్లకు అటు నుంచి ఇటు జరగడానికి 51 ఏళ్లు.

ఇంకో సంగతి. ఫ్రాంక్లిన్ చార్లీ బ్రౌన్ వాళ్ల మొహల్లాలో ఉండడు. కలిసింది బీచిలో. బడి పెపర్‌మింట్ పాటీది, అది ఊరికి ఇంకో వైపు. మా ఇంటికి రా అని చార్లీ బ్రౌన్ పిలుస్తాడు, ఫ్రాంక్లిన్ మెహమాన్‌గా వస్తాడు, పోతాడు. దోస్తీ ఉంది, పక్కిల్లు లేదు. నేను ఈ మాట రాస్తున్నప్పుడు మీలో కొందరికి మీ ఇల్లు వెతుక్కున్న రోజులు గుర్తొస్తాయని నాకు తెలుసు. ఫోన్లో తెలుగు విని ‘రండి సార్, ఖాళీగానే ఉంది’ అంటారు. గేటు దగ్గర పేరు అడుగుతారు. పేరు చెప్పాక ఆ పోర్షన్ హఠాత్తుగా వాళ్ల మరిదికి కావాల్సి వస్తుంది. తెలుగులో డిగ్రీ చేసినందుకు నాకు దక్కిన లాభం ఇదొక్కటే, ‘ఖాళీగానే ఉంది’ అన్న మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నాను. చివరికి మనవాళ్లున్న గల్లీలోనే మనం దొరుకుతాం. తర్వాత ‘వాళ్లంతా ఒకేచోట ఎందుకుంటారో’ అని మన మీదే వ్యాసం రాస్తారు. మన పిల్లలకు వాళ్ల పిల్లలు, వాళ్ల పిల్లలకు మన పిల్లలు బొమ్మల్లో కూడా కనబడకపోతే ఇంకెక్కడ కనబడతారు?

ఫ్రాంక్లిన్ ఆ మొహల్లాకు వచ్చిన వరస స్ట్రిప్పులు మాత్రం నాకు చాలా ఇష్టం. 1968 అక్టోబర్‌లోవి. లూసీ 5 సెంట్లకు మనోవైద్యం చేస్తానని దుకాణం పెట్టుకుని కూర్చుంది. లైనస్ గుమ్మడికాయ దేవుడు వస్తాడంటాడు. వీళ్లందర్నీ చూసి ఫ్రాంక్లిన్ బెదిరిపోతాడు, ఈ గల్లీ నాకు సరిపడదని ఇంటికి పోతాడు. అక్కడ మాత్రం షుల్జ్ కమాల్ చేశాడు. వింతగా ఉన్నది వచ్చిన పిల్లాడు కాదు, అక్కడున్నవాళ్లు!

మరి ఇన్‌సాఫ్ కోసం ఎప్పుడూ ఇంకొకరి కలం వైపే చూడాలా? మోరీ టర్నర్ అనే నల్లజాతి కార్టూనిస్టు షుల్జ్‌కి దోస్త్. మీ కామిక్‌లో నల్ల పిల్లలు ఎందుకు లేరని షుల్జ్‌నే అడిగితే, నువ్వే ఒకటి గీయొచ్చు కదా అన్నాడట. టర్నర్ గీశాడు. 1965లో ‘వీ పాల్స్’ మొదలైంది, ఫ్రాంక్లిన్ కంటే మూడేళ్ల ముందే. అన్ని రంగుల పిల్లలూ ఉన్న కామిక్. మొదట వేసుకున్న పత్రికలను చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కింగ్ హత్య తర్వాత వందకు పైగా పత్రికలు తీసుకున్నాయి. ఒక మనిషి చచ్చిపోతే గానీ తన బొమ్మలు అమ్ముడుపోలేదన్న సంగతి టర్నర్‌ని చాలాకాలం బాధపెట్టింది. ఫ్రాంక్లిన్ పేరు లోకానికంతా తెలుసు, ‘వీ పాల్స్’ ఎంతమందికి తెలుసు? అందుకే నేను ‘మనమే గీసుకుందాం’ అన్న మాటతో సరిపెట్టుకోను. గీసుకుందాం, తప్పకుండా. ఆ పెద్ద పేజీలో జాగా కూడా అడుగుదాం.

ఇక గీసుకోవడం మాటకొస్తే మనింట్లో పరిస్థితి ఏమిటి? ఉర్దూ మీడియం బడిలో మాకు ‘ఖిలౌనా’ పాత సంచికలు దొరికేవి, అట్టలు ఊడిపోయి, ఒక్కోటి ముప్పై మంది చదివినవి. తెలుగు నేర్చుకుంటూ ‘చందమామ’ కూడబలుక్కుని చదివాను. ఇప్పుడు మన పిల్లలకు మనం కొనే కితాబులు చూడండి. ఒక్క అబద్ధం ఆడని పిల్లాడు, ఐదు పూటలా పిలవకుండానే లేచే పిల్ల, అన్నదమ్ముల తగువులు లేని ఇల్లు. అఖ్లాఖ్ నేర్పాలి, నేనేమీ కాదనను. కానీ సెహ్రీకి లేపితే దుప్పటి లాక్కుని పడుకునే పిల్లాడు, ఈదీ డబ్బులు లెక్కపెట్టుకుని తమ్ముడి కంటే పది రూపాయలు తక్కువొచ్చాయని ఏడ్చే పిల్ల మన ఇళ్లలోనే ఉన్నారు కదా. వాళ్లు తమను ఎక్కడ చూసుకోవాలి? బయటివాళ్లు మనకు రహీం చాచాను ఇచ్చారని కోపగించుకుంటాం, మనం మన పిల్లలకు చిన్న సైజు రహీం చాచాలనే కొనిపెడుతున్నాం. బొమ్మలు గీసే పిల్ల కనిపిస్తే ‘ఇదేం కడుపు నింపుతుంది బేటీ, బయాలజీ డయాగ్రాములు గీసుకో’ అనే అమ్మీలు, అబ్బాలు ఎంతమందో. బొమ్మల మీద మతపరమైన అభ్యంతరం ఉన్న ఇళ్లు ఉన్నాయి, వాళ్ల ఎఖీదా వాళ్లది, నేను వాదించను. నేనంటున్నది టీవీ, సెల్ఫోను రాత్రి పదకొండు దాకా నడిచే ఇళ్ల గురించి.

షుల్జ్, గ్లిక్‌మన్ ఒకరికొకరు రాసుకున్న ఖతులను ఇప్పుడు కాలిఫోర్నియాలో శాంటా రోసాలో ఉన్న షుల్జ్ మ్యూజియం భద్రపరిచింది. గ్లిక్‌మన్ 2020లో పోయింది. ఆమె చేసిన పని ఎంత చిన్నదో చూస్తే నాకు ఆశ్చర్యంగానూ ఉంటుంది, కొంచెం సిగ్గుగానూ ఉంటుంది. మనం వాట్సాప్‌లో రోజూ ఎంత రాస్తాం! పిల్లల పేజీ ఎడిటర్‌కి, పాఠ్యపుస్తకాలు తయారుచేసేవాళ్లకు, బొమ్మల యాప్‌లు చేసేవాళ్లకు ఒక పేజీ ఖత్, అదబ్‌గా, పేరు చిరునామాతో, ఎంతమంది రాశాం? తప్పు అచ్చయినప్పుడు ఫోన్ చేసి అరవడం మనకొచ్చు. మొన్నటి నా ఆఫీసులో ఆ అరుపులు నేనూ విన్నాను, అరిచింది సబబే అనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అచ్చు కాకముందు అడగడం మాత్రం అలవాటు లేదు.

భాంజీకి ఫ్రాంక్లిన్ కథ చెప్పాను. వింది, ‘అయితే మామూ, ఫ్రాంక్లిన్‌కి కోపం ఎప్పుడొస్తుంది?’ అంది. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రానికి నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకొచ్చింది. గల్లీ క్రికెట్. రెండు జడల పిల్ల, పేరు సనా, మొదటి బంతికే ఔటైంది. రెండో గడిలో ఔట్ కాదని వాదిస్తోంది. మూడో గడిలోనూ వాదిస్తోంది. నాలుగో గడిలో బ్యాట్ తనదే కాబట్టి తీసుకుని ఇంటికి పోతోంది, వెనక పిల్లలందరూ, ఒక వినయ్, ఒక మేరీ, ఒక ఇర్ఫాన్, నోళ్లు తెరిచి చూస్తున్నారు. సనా అస్సలు మంచి పిల్ల కాదు. నాకు చాలా నచ్చింది.

ఆ నాలుగు గడుల జిరాక్స్ తీయించి, ఒక పేజీ ఖత్ జోడించి, ఒక తెలుగు పత్రిక పిల్లల పేజీకి పంపాను. ఈ బొమ్మే వేయమని అడగలేదు, మీ బొమ్మల గల్లీలో సనా లాంటి పిల్లకు ఒక ఇల్లు చూడమన్నాను. షుల్జ్ గ్లిక్‌మన్‌కి 11 రోజుల్లో జవాబిచ్చాడు. నేను పంపి ఇవ్వాళ్టికి 18 రోజులు. చిరునామా కావాల్సినవాళ్లు ఏ పత్రికైనా ఆఖరి పేజీ అడుగున చూడండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది.